కావిడి మోసిన కెప్టెన్

"ఒక్కటే ఇంజనా? అది గాల్లో ఆగిపోతే?"

విశాఖపట్నం విమానాశ్రయంలో బరువు తూచే కాటా మీద నిలబడి, ఎనిమిది నెలల కూతుర్ని గుండెకు అదుముకుని జయశ్రీ అడిగిన మాట అది. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆ ప్రశ్న రోజూ వింటున్నట్టుంది. ఇంతవరకూ ఎప్పుడూ ఆగలేదండీ అని నవ్వి, తల్లీబిడ్డల బరువు కలిపి అరవై రెండు కిలోలని రాసుకుంది. ఆ 'ఇంతవరకూ' అన్న ముక్క జయశ్రీకి ఏమాత్రం నచ్చలేదు.

జయశ్రీ పుట్టిల్లు పార్వతీపురం. విశాఖలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది, ఇప్పుడు బిడ్డ కోసం సెలవులో ఉంది. భర్త దేవీప్రసాద్‌కి బ్యాంకులో ఒడిశా జయపురానికి బదిలీ అయి నాలుగు నెలలైంది. దసరాకి కారులో వెళ్తే ఘాట్ మలుపుల్లో పాప సుమ వాంతులు చేసుకుని, అరకు చేరేసరికి వాడిన ఆకులా అయిపోయింది. ఆ రోజే దేవీప్రసాద్ ఇక కారొద్దు అని నిర్ణయించేశాడు. విశాఖ నుంచి జయపురానికి తొమ్మిది సీట్ల చిన్న విమానం ఉంది, ముక్కుకి ఒకే ఇంజను, ప్రయాణం నలభై నిమిషాలు. టిక్కెట్టు కొని పంపించేశాడు.

లెక్కలు తెలిసినవాళ్ళకి భయం తక్కువుంటుందని లోకం అనుకుంటుంది. జయశ్రీ విషయంలో అది తారుమారు. ఏది ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో ఆమెకి బాగా తెలుసు, అందుకే భయపడడానికి ఆమెకి ఎక్కువ దారులున్నాయి. బిడ్డ పుట్టాక ఆ దారులన్నీ బిడ్డ దగ్గరికే వచ్చి ఆగేవి. ఒకసారి సుమ వీపు మీద ఎర్రటి పొక్కులొస్తే, ఒక్క పూటలో సబ్బు మార్చింది, పౌడరు మార్చింది, బట్టలుతికే పొడి మార్చింది, పాల డబ్బా మార్చింది, సాయంత్రానికి డాక్టర్ని కూడా మార్చేసింది. పొక్కులు తగ్గాయి. దేనివల్ల తగ్గాయో మాత్రం ఇప్పటికీ తెలియదు. క్లాసులో లోలకం పాఠం చెప్పేటప్పుడు పొడవు మారిస్తే బరువు ముట్టుకోకూడదని పిల్లలకి పదిసార్లు చెప్పే మనిషి ఆమె.

విమానం గురించి కూడా మూడు రోజులు చదివింది. తోక వైపు సీట్లు కాస్త మేలని ఎక్కడో చూసి, తనకి ముందు వరసలో ఇచ్చిన సీటు వద్దని, ఆఖరి వరస కావాలని పట్టుబట్టింది. ఇలాంటి చిన్న విమానంలో ఎవరి బరువు ఎక్కడుండాలో చూసి సీటిస్తారని కౌంటర్లో అమ్మాయి చెప్పినా వినలేదు. కెప్టెన్ ఒప్పుకోవాలి అని ఆ అమ్మాయి కాగితం తీసుకెళ్ళింది.

విమానం మెట్ల దగ్గర తెల్లచొక్కా వేసుకున్న ఒక ఆడమనిషి ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని పెన్నుతో లెక్క వేస్తోంది. పొట్టిగా, గట్టిగా ఉంది. జుట్టు బిగించి ముడి వేసుకుంది. వరసలో జయశ్రీ ముందు నిలబడ్డ భారీ మనిషి, అనకాపల్లి బెల్లం వ్యాపారి వరహాలరావు, అప్పటికే కాటా మీద తన నూటపదకొండు కిలోలు అందరికీ వినబడేలా చదివారని చిన్నబుచ్చుకుని ఉన్నాడు. ఆ కోపంలోనే ఆమెనడిగాడు.

"ఏటమ్మా, డ్రైవరు గారెప్పుడొస్తారు? ఎండెక్కిపోతంది."

"వచ్చేస్తారండీ" అంది ఆమె తలెత్తకుండానే. లెక్క ముగించి జయశ్రీ వైపు చూసి, "వెనక కూర్చోండమ్మా, సరిపోతుంది. కాని దారిలో ఎప్పుడైనా ముందుకి రమ్మంటే రావాలి" అంది. తర్వాత వెళ్ళి ఎడమవైపు పైలట్ సీట్లో కూర్చుంది. వరహాలరావు తల దించుకుని విమానం ఎక్కాడు.

ఆమె పేరు పాంగి కృపావతి. వయసు ముప్ఫై రెండు. ఊరు హుకుంపేట మండలంలో కొండ మీద. ఆమె పక్కన కోపైలట్ లక్ష్మీప్రసాద్, చోడవరం వాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆ రోజు ఇద్దరు ప్రయాణికులు రాలేదు. ముందు వరస రెండు సీట్లూ ఖాళీ. మిగతా ఏడుగురూ మధ్యలోనూ వెనకా కూర్చున్నారు. పైలట్లకీ ప్రయాణికులకీ మధ్య తలుపు లేదు, ఆటోలో డ్రైవరు కనిపించినట్టే వాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి.

విమానం లేచి పదిహేను నిమిషాలైంది. కింద అరకు లోయలో వలిసె పూల మడులు పసుపు ఆరబోసినట్టున్నాయి. సుమ పాలు తాగుతూ నిద్రపోయింది. జయశ్రీ మాత్రం ఇంజను చప్పుడే వింటోంది. చప్పుడు కాస్త మారినా పట్టుకుందామని చెవులు రిక్కించుకుని కూర్చుంది. ఇంజను చప్పుడు మారలేదు, చివరిదాకా మారనే లేదు.

మారింది వేరేది. విమానం ముక్కు ఎవరో కింద నుంచి ఎత్తినట్టు పైకి లేచింది. జయశ్రీ వీపు సీటుకి అతుక్కుంది. ఎవరిదో నీళ్ళ సీసా దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలికి తగిలి ఆగింది. ముందు కృపావతి రెండు చేతులూ చాచి స్టీరింగుని ముందుకి నొక్కుతోంది. లక్ష్మీప్రసాద్ ఏదో మీట నొక్కి పట్టుకుని, మరో చేత్తో పక్కనున్న చిన్న గుండీని బయటికి లాగాడు. ముక్కు మెల్లగా దిగింది. కానీ కృపావతి చేతులు మాత్రం వదులు కాలేదు, చాచినవి చాచినట్టే ఉండిపోయాయి.

జరిగిందేమిటో జయశ్రీకి తర్వాత తెలిసింది. తోకలో చిన్న పలక ఒకటుంటుంది. విమానం సమంగా పోయేలా దాన్ని ఒకసారి సర్ది వదిలేస్తే పైలట్ చేతులకి బరువుండదు. దాన్ని తిప్పే మోటారు ఎవరూ చెప్పకుండానే తిరగడం మొదలెట్టి, ముక్కు పైకి లేపే వైపుకి పలకను తోసేసింది. ఆ గుండీ లాగి మోటారుకి కరెంటు ఆపారు. అలాంటప్పుడు చేత్తో తిప్పుకోడానికి ఒక చక్రం ఉంటుంది. ఆ చక్రమూ బిగుసుకుపోయింది. ఇక విమానం దిగేదాకా ముక్కుని మనిషి చేతులతోనే కిందికి నొక్కి పట్టుకోవాలి. వదిలితే ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది, ఆ తర్వాత విమానం గాలి మీద నిలవదు.

ఆ క్షణంలో ఇవేవీ తెలియకపోయినా, ఏదో తప్పు జరిగిందని జయశ్రీకి తెలుసు. ఒళ్ళో బిడ్డ ఉంది. కింద కొండలున్నాయి. ఆమె తలలో ఉన్నదంతా అంతే.

కృపావతి తల తిప్పకుండా, మైకు లేకుండా, క్లాసులో వెనక బెంచీకి వినబడేలా చెప్పినట్టు చెప్పింది. "అందరూ వినండి. ఇంజను బాగుంది, రెక్కలు బాగున్నాయి. ముక్కు పైకి లేస్తానంటోంది, నేను పట్టుకుని ఉన్నాను. జయపురంలో రన్‌వే చిన్నది, అందుకని వెనక్కి విశాఖ వెళ్తున్నాం. దారిలో మీ సాయం కావాలి. చెప్పినప్పుడు చెప్పినవాళ్ళే కదలండి."

లక్ష్మీప్రసాద్ గొంతులో తొందరుంది. వెనకున్న వాళ్ళందర్నీ ఒకేసారి ముందుకి రమ్మందామా, వేగం తగ్గించి, రెక్కల పలకలు కూడా దించేద్దామా అని అడుగుతున్నాడు. కృపావతి ఒక్క మాటే అంది.

"ఒక్కొక్కటే, ప్రసాద్. ఒకటి మార్చి, చూసి, తర్వాత రెండోది."

మొదట వేగం తగ్గించింది. తగ్గించి, కాసేపు ఏమీ చేయకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. ఆ ఏమీ చేయకపోవడం జయశ్రీకి భరించలేనంతగా అనిపించింది. తర్వాత తెలిసింది, ఆ కాసేపట్లో ఆమె చేతులు కొత్త బరువుని తూచుకుంటున్నాయని.

"బెల్లం వ్యాపారం బాబుగారూ, మీరు లేచి ముందు కుడి సీట్లోకి రండి. మెల్లగా."

వరహాలరావు బెల్టు విప్పుకుని, వంగి, సీట్లు పట్టుకుంటూ ముందుకి నడిచాడు. కూర్చుంటూ పక్కవాళ్ళకి వినబడేలా గొణిగాడు. "బరువని నన్ను ఎనక్కి నెట్టినోళ్ళే గాని, బరువుకోసం ముందుకి పిలిసిన పిల్ల ఈమొక్కతే." ఎవరో భయంలోనే నవ్వారు. కృపావతి నవ్వలేదు. మళ్ళీ ఆగింది, మళ్ళీ తూచుకుంది. కొండ అంచు దాటింది విమానం.

"ఆఖరి వరసలో పాపతో ఉన్న అమ్మా. ఇప్పుడు మీరు."

జయశ్రీకి లెక్క వెంటనే అర్థమైంది. తనూ బిడ్డా కలిపి అరవై రెండు కిలోలే, కాని అందరికన్నా వెనకున్నది తనే. ఆ బరువు ఆ చివర నుంచి ఈ చివరికి వస్తే తూకం మీద చాలా తేడా. తక్కెడ పాఠం అది. అయినా జంకింది. చేతిలో బిడ్డతో, పట్టుకోడానికి ఒక చెయ్యే ఖాళీ ఉండగా, ఊగే విమానంలో ఎలా నడవడం? వరహాలరావు సీట్లోంచి వెనక్కి తిరిగి పాప కోసం చేతులు చాచాడు.

"గుంటని ఇలాగియ్యమ్మా. ఆరుగురు మనవల్ని ఎత్తిన చేతులివి."

ఎనిమిది నెలల్లో జయశ్రీ తన బిడ్డని ముక్కూమొహం తెలియని మనిషి చేతికి ఇవ్వలేదు. ఇప్పుడు ఇచ్చింది, మధ్యలో కూర్చున్నవాళ్ళు చేతులు కలిపారు. నిద్రలో ఉన్న సుమ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, ఆఖరికి బెల్లం వ్యాపారి ఒళ్ళోకి చేరింది. వెనకాలే వంగుతూ జయశ్రీ వచ్చి ముందు ఎడమ సీట్లో, సరిగ్గా కెప్టెన్ వెనక కూర్చుని, బిడ్డని మళ్ళీ అందుకుంది.

అక్కడి నుంచి ఆమెకి కృపావతి చేతులు దగ్గరగా కనిపించాయి. మణికట్టు దగ్గర నరాలు లేచి ఉన్నాయి. మోచేతులు సన్నగా వణుకుతున్నాయి. జయశ్రీ కూర్చున్న కొంతసేపటికి ఆ వణుకు తగ్గింది. కృపావతి భుజాలు ఒక అంగుళం దిగాయి. "చాలు" అంది మెల్లగా. "ఇంకెవరూ కదలొద్దు."

తన బరువూ తన బిడ్డ బరువూ ఆ భుజాల్ని ఒక అంగుళం దించాయని జయశ్రీకి అర్థమయ్యాక, అంతసేపట్లో మొదటిసారి ఆమె ఊపిరి పూర్తిగా వదిలింది.

సముద్రం కనిపించింది. మెల్లగా దిగాలంటే రెక్కల వెనక పలకలు పూర్తిగా దించాలి. దించితే ముక్కు మళ్ళీ లేస్తుంది. కృపావతి కొద్దిగానే దించింది, దించి మళ్ళీ ఆగి చూసింది. అందుకని విమానం మామూలుకన్నా వేగంగా నేలకి వచ్చింది. ఆ పొడుగాటి రన్‌వే మీద చక్రాలు ఆనాయి, ఒకసారి ఎగిరాయి, మళ్ళీ ఆనాయి. చాలా దూరం పరుగెత్తి ఆగింది. రెండు పక్కలా ఫైరింజన్లు కూడా పరుగెత్తుకొచ్చాయి, వాటికి పని పడలేదు. సుమ అప్పుడు లేచి, చుట్టూ చూసి, ఆకలని ఏడ్చింది.

విమానంలోంచి దిగినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. కృపావతి ఆఖర్న దిగింది. మెట్ల మీదే నిలబడి లాగ్‌బుక్కులో ఏం జరిగిందో వరసగా రాసి, సంతకం పెట్టి మెకానిక్ చేతికిచ్చింది. మోచేతుల నొప్పికి సంతకం వంకరపోయింది. ఆ పక్కనే కోపైలట్ కళ్ళు తుడుచుకుంటుంటే, నువ్వు గుండీ బేగి లాగావు, క్షణం ఆలస్యం చేయలేదు, అదే బతికించింది అని వీపు మీద చరిచింది. వరహాలరావు ఆమె ముందుకి వచ్చి చేతులు జోడించాడు.

"డ్రైవరు గారెప్పుడొస్తారని అడిగినాను తల్లీ. సిగ్గుగుంది."

"వచ్చారు కదండీ" అంది కృపావతి.

మర్నాడు పొద్దున్న కంపెనీ వాళ్ళు జయపురం వెళ్ళాల్సిన వాళ్ళకి కారు పెట్టారు. విమానంలో ఏదైనా జరిగితే పైలట్లకి రెండు రోజులు సెలవివ్వడం నియమమట. కృపావతి ఇంటికి పోతూ అదే కారులో అరకు దాకా వస్తానంది. జయశ్రీ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన కూర్చుంది. తోకలో గొలుసు ఒకటి పళ్ళచక్రం మీదనుంచి జారి ఇరుక్కుందని మెకానిక్‌లు రాత్రే తేల్చారట. కృపావతి ఆ సంగతి చెప్పేటప్పుడు, ఇంటి కుళాయి ఎందుకు కారిందో చెప్పినంత మామూలుగా చెప్పింది. రెండు చేతులూ మాత్రం ఒళ్ళో పెట్టుకునే ఉంది. మోచేతులు ఇంకా నొప్పులట.

ఒక్కొక్కరినే ఎందుకు కదిపారని జయశ్రీ అడిగింది. ఆ ప్రశ్నకి జవాబుగా ఘాట్ పొడుగునా ఒక జీవితం వచ్చింది.

కృపావతి నాన్న భీముడు కావిడి మోసేవాడు. వాళ్ళ ఊరి నుంచి రోడ్డుకి మూడు కిలోమీటర్లు దిగుడు, అంతా కాలిబాటే. అల్లం, పసుపు, గుమ్మడికాయలు, కొండచీపుర్లు, ఏది పండినా కావిడి బద్ద రెండు చివర్లా తట్టల్లో వేలాడగట్టుకుని, భుజం మీద పెట్టుకుని సంతకి దిగాల్సిందే. పదకొండో ఏట కృపావతికి కూడా ఒక చిన్న కావిడి కట్టి ఇచ్చాడు. దిగుడు బాటలో కావిడి సమంగా ఉండదు. వెనక తట్ట నేలకి తగులుతుందని ఎత్తితే ముందుది లాగుతుంది. ఒక వానాకాలం పొద్దున్న వెనక బరువెక్కిందనిపించి కృపావతి తొందరపడింది. వెనకున్న రెండు గుమ్మడికాయల్ని ఒకేసారి ముందు తట్టలో వేసి, పైగా బద్దని కూడా భుజం మీద జరిపేసింది. కావిడి గిర్రున తిరిగి ఆమెని పడేసింది. గుమ్మడికాయలు లోయలోకి దొర్లిపోయాయి. భీముడు తిట్టలేదు. అవి మనకన్నా ముందే సంతకి ఎల్లిపోనాయి అని నవ్వి, చెల్లాచెదురైన అల్లం కొమ్ములన్నీ ఏరించి, కావిడి మళ్ళీ కట్టించాడు. ఒక్క మూట మార్చమన్నాడు, నాలుగడుగులు నడవమన్నాడు. భుజం ఏం చెప్పిందని అడిగాడు. అప్పుడు గాని రెండో మూట ముట్టుకోనివ్వలేదు. ఆ రోజు సంతకి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

కృపావతి ఆశ్రమ పాఠశాలలో చదివింది, హాస్టల్లో ఉంది, ఇంటర్‌లో లెక్కల గ్రూపు తీసుకుంది. గిరిజన పిల్లలకి పైలట్ శిక్షణ ఇప్పించే పథకం గురించి కాగితం నోటీసు బోర్డు మీద చూసి, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. వచ్చింది. శిక్షణలో ఒక పరీక్ష రెండుసార్లు పోయింది. లైసెన్సు వచ్చాక నాలుగేళ్ళు ఉద్యోగం రాలేదు. ఆ నాలుగేళ్ళూ తను చదివిన ఆశ్రమ పాఠశాలలోనే లెక్కలు చెప్పింది. ఊళ్ళో కొందరు విమానమ్మ వచ్చింది అని ఎకసెక్కాలాడేవాళ్ళట. వాళ్ళే ఇప్పుడు కాఫీ తోటలో పళ్ళు కోస్తూ పైన విమానం చప్పుడు వినబడితే కొమ్మ వదిలేసి తల పైకెత్తుతారు. ఏ విమానమైనా సరే, అది మన భీముడి కూతురిదే అంటారు. నిన్న కూడా చాలామంది తలెత్తి చూసే ఉంటారని నవ్వింది. వెనక్కి తిరిగిన విమానాన్ని చూసి, ఏదో మరిచిపోయి తెచ్చుకోడానికి పోతున్నాననుకుని ఉంటారు అంది.

ఆమె అది నవ్వుతూ చెప్పినా, జయశ్రీ నవ్వలేకపోయింది. ఆ విమానంలో సుమ ఉంది.

అరకు చేరేసరికి శుక్రవారం సంత నిండుగా ఉంది. కృపావతి నాన్న అక్కడే ఉంటాడంటే జయశ్రీ కూడా కారు ఆపించి దిగింది. ఘాట్ ఎక్కినా సుమ ఈసారి ఒక్కసారే కక్కింది. మలుపుకి ముందు పాలు పట్టొద్దని కృపావతి చెప్పింది, జయశ్రీ మానింది.

భీముడు పసుపు కొమ్ముల గుట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. అరవై దాటిన సన్నటి మనిషి. కుడి భుజం మీద చర్మం గట్టిపడి, నల్లగా మెరుస్తోంది. పక్కనే కావిడి బద్ద నిలబెట్టి ఉంది. కూతుర్ని చూసి లేవలేదు.

"ఏటి, బేగి దిగిపోనావు?"

కృపావతి అతని పక్కన నేల మీద కూర్చుని జరిగింది చెప్పింది. ఆమె చెబుతున్నంతసేపూ భీముడు పసుపు కొమ్ముల్ని ఏరి పక్కన పెడుతూనే ఉన్నాడు. అయ్యో అనలేదు, దేవుడి పేరు ఎత్తలేదు. అంతా విని రెండే మాటలడిగాడు.

"ఏ పక్క బరువెక్కినాది?"

"ఎనక పక్కే, అయ్యా. ముక్కు లేసిపోనాది."

"ఒక్కో మూటే మార్సినావా?"

"ఒక్కోటే."

భీముడు తలూపాడు. చేతిలోని పసుపు కొమ్ముని కింద పెట్టి, చేయి దులుపుకుని, కూతురి కుడి భుజం మీద చేయి వేసి, అది ఎంత అలిసిందో చూస్తున్నట్టు మెల్లగా నొక్కాడు. చుట్టుపక్కల అమ్ముకుంటున్న ఆడవాళ్ళు చూస్తున్నారు. అతను చేయి అక్కడే చాలాసేపు ఉంచాడు. జయశ్రీ అప్పుడు గాని తన కళ్ళు తడిశాయని గమనించలేదు. ఎవరి కూతురో ఇంత పనిమంతురాలని చూసి, ఇలా తన గుండె నిండడం ఆమెకి కొత్త.

వీడ్కోలు చెప్పేటప్పుడు జయశ్రీ దాచుకోకుండా అడిగేసింది. అక్కా, నాకు బిడ్డ తుమ్మినా భయమే, పొక్కులొచ్చిన రోజు అన్నీ ఒకేసారి మార్చేశాను, ఈ భయాన్ని నేనేం చేసుకోవాలి అని. కృపావతి సుమని ఎత్తుకుని కాసేపు ఆడించింది. ఆ బరువు కూడా తూచుతున్నట్టే ఎత్తుకుంది.

"భయం పోదు, జయా. నిన్న నాకూ పోలేదు. అది ఉన్నా ఫరవాలేదు, చేతులు పని చేస్తే చాలు. ముందు గట్టిగా పట్టుకో. ఒక్కటి మార్చు. నాలుగడుగులు నడిచి చూడు. ఆ తర్వాతే రెండోది."

జయపురం చేరిన మూడో వారం ఒక పొద్దున్న సుమ ఒళ్ళు కాలుతూ లేచింది. దేవీప్రసాద్ ఆఫీసుకి తయారవుతున్నాడు. జయశ్రీ చేయి ఫోను మీదికి పోయింది, డాక్టరుకి, తల్లికి, విశాఖలో పాత డాక్టరుకి కూడా చేద్దామని. ఫోను కింద పెట్టేసింది. ముందు బిడ్డని ఎత్తుకుని భుజం మీద గట్టిగా పట్టుకుంది. జ్వరం ఎంతుందో కొలిచి గోడ మీది క్యాలెండరు అంచున రాసింది. చలికని వేసిన ఊలు చొక్కా, టోపీ ఉన్నాయి ఒంటి మీద. వాటిని మాత్రం తీసేసింది. ఇంకేదీ ముట్టుకోలేదు. కొంతసేపట్లో మళ్ళీ చూస్తాను, దిగకపోతే ఇక్కడి డాక్టరు దగ్గరికే పోదాం, ఇంకెక్కడికీ కాదు అని భర్తకి చెప్పింది. ఆయన ఆమె వంక వింతగా చూశాడు.

బిడ్డ బరువు కుడి భుజం మీద ఆనించుకుని, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి, జయశ్రీ మెల్లగా నడవడం మొదలెట్టింది.